బెల్లం నలుపు

నలుపు రంగు తయారు కావడానికి ఇరవై రోజులు పడుతుందని నాకు నలభై ఎనిమిదో ఏట తెలిసింది. అంతకుముందు తొమ్మిదేళ్ళు నల్ల చొక్కాలు కుట్టాను. నల్లబట్ట అంటే తానుగా చుట్టుకుని లారీలో దిగేది, అంతే. ఆ రంగు ఎక్కడ పుట్టింది, ఎవరు వేశారు అని ఒక్కరోజు కూడా అనుకోలేదు. అనుకోవడానికి తీరిక ఉండాలి కదా.

ఆ తొమ్మిదేళ్ళూ హైవే పక్కన ఓ రేకుల షెడ్డులో గడిచాయి. పెద్ద బ్రాండ్ల ఆర్డర్లు ఎక్కడో ఎవరో తీసుకుంటే, వాళ్ళు చేయలేక వదిలేసినవి మా షెడ్డుకి వచ్చేవి. ఇప్పుడా యాజమాన్యం లేదు. ఆ షెడ్డులో కోళ్ళ దాణా బస్తాలు పెట్టుకుంటున్నారు. అప్పట్లో మాత్రం వరసలు వరసలుగా మిషన్లు ఉండేవి. నా పని కాలర్. పొద్దున్న ఎక్కితే సాయంత్రం దాకా కాలరే. చొక్కా మొత్తం ఎలా ఉంటుందో ప్యాకింగ్ దగ్గర వేలాడుతుంటే చూడడమే. గంటకి ఎన్ని కావాలో బోర్డు మీద సుద్దముక్కతో రాసేవాళ్ళు, గంట తిరగ్గానే చెరిపి మళ్ళీ రాసేవాళ్ళు. నల్లబట్ట కుట్టిన రోజు ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వచ్చేది.

కుట్టడం కష్టమనిపించలేదు. దాహం కష్టం. బాత్రూముకి వెళ్ళాలంటే మా లైనుకంతటికీ ఒకటే టోకెను, అది సూపర్‌వైజర్ జేబులో ఉండేది. అడిగిన ప్రతిసారీ అతను బోర్డు వైపు చూసేవాడు, మాట అనేవాడు కాదు. ఆ చూపు పడలేక నీళ్ళు తాగడం తగ్గించుకున్నాం. ఇంటి దగ్గర ఓ గ్లాసు, మధ్యాహ్నం అన్నంతో ఓ గ్లాసు. నాకు కిడ్నీలో రాయి రెండుసార్లు వచ్చింది. రెండోసారి డాక్టరు కోప్పడ్డాడు, "నీళ్ళు తాగమంటే వినవేంటమ్మా?" అని. ఏం చెప్తాను?

ఏడాదికోసారి విదేశీ బ్రాండు తరఫున ఆడిట్ వాళ్ళు వచ్చేవాళ్ళు. బట్టలు కుట్టే మనుషుల్ని సరిగా చూస్తున్నారా లేదా అని తనిఖీ. వారం ముందు నుంచే షెడ్డు పెళ్ళిల్లులా అయిపోయేది. నేల కడిగించేవాళ్ళు. మందుల డబ్బాలో మందులు పెట్టేవాళ్ళు. మా ముక్కులకి గుడ్డలు ఇచ్చేవాళ్ళు, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ తీసుకునేవాళ్ళు. ఏ ప్రశ్నకి ఏ జవాబు చెప్పాలో సూపర్‌వైజర్ మాకు బళ్ళో ఎక్కాల్లా చెప్పించేవాడు. ఓ ఏడు ఆ ఆడిట్‌కి వచ్చినావిడ నన్ను గదిలోకి పిలిచింది. తెలుగు తెలిసినావిడే, నాకన్నా పెద్దది. తలుపు వేసి, "దాహమైతే నీళ్ళు తాగుతారా? అవసరమైనప్పుడు బాత్రూముకి వెళ్ళనిస్తారా?" అని అడిగింది.

"ఎల్లనిత్తారండి. ఎప్పుడు కావాలంటే అప్పుడెల్తాం," అన్నాను.

ఆవిడ వెంటనే రాసుకోలేదు. పెన్ను పక్కన పెట్టింది. "ఇక్కడ మనిద్దరమే ఉన్నామమ్మా. ఇంకేమైనా చెప్పాలా?" అంది.

"లేదండి," అన్నాను.

అప్పుడు రాసుకుంది. నేను బయటికొచ్చి మిషను మీద కూర్చున్నాను. ఆ ఏడు మా షెడ్డుకి మంచి మార్కులొచ్చాయని అందరికీ తలా ఓ లడ్డూ పంచారు. నేనూ తిన్నాను.

షెడ్డు మూతపడ్డాక ఇంట్లో మిషను పెట్టుకుని చీరలకి ఫాల్సు, జాకెట్లు కుట్టుకుంటూ ఉండేదాన్ని. అప్పటికే మోకాళ్ళు పోయాయి. మెడ ఎడమ వైపుకి తిరగదు. అలాంటి రోజుల్లో ఒకమ్మాయి మా గుమ్మంలోకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. విశాఖపట్నంలో ఉంటుందట, బట్టల డిజైనింగ్ చదువుకుందట. చేతిలో ఓ చొక్కా కాలరు. చొక్కా కాదు, కాలరు ఒక్కటే. "ఇది విప్పకుండా తిరగేసి కుట్టగలరా అక్కా? అరిగిన వైపు లోపలికి పోవాలి," అని అడిగింది.

"ఇప్పకుండా అవదు. ఇప్పి తిప్పాలి," అన్నాను.

ఇప్పి, తిప్పి, కుట్టిచ్చాను. పది నిమిషాలు పట్టిందేమో. ఆ అమ్మాయి దాన్ని వెలుతురులో పెట్టి చూసి, వాకిట్లోనే నాకు ఉద్యోగం ఇచ్చింది. ఫ్యాక్టరీల్లో కటింగయ్యాక పారేసే ముక్కలతోనూ, చేనేత బట్టతోనూ చొక్కాలు కుట్టించాలని ఆమె ఆలోచన. భూమికి కీడు చేయని బట్ట, కుట్టే మనిషికి కీడు చేయని కుట్టు, చిరిగితే మళ్ళీ మనమే బాగుచేసి ఇవ్వడం. ఆమె చెప్తుంటే నాకు నిద్రొచ్చింది. ఇలాంటి మాటలు ఫ్యాక్టరీ గోడ మీద కూడా ఇంగ్లీషులో రాసి ఉండేవి. కానీ పని మా ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఉందంది, బస్సెక్కక్కర్లేదంది. అందుకని ఒప్పుకున్నాను.

అనకాపల్లిలో బెల్లం మార్కెట్ వెనక సందులో ఓ పాత గోడౌను మేడ మీద మా వర్క్‌షాపు. కింద బెల్లం దిమ్మలు, పైన మేం. మొత్తం ఆరుగురం. కటింగ్ చేసేది ఓ ముసలాయన, ఊళ్ళో నలభై ఏళ్ళు ప్యాంట్లు కుట్టిన సాయిబు గారు. రెడీమేడ్ దుకాణాలొచ్చాక కొట్టు మూసేసుకున్నాడు. మేమంతా మాస్టర్ గారు అనేవాళ్ళం. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు. ఇంక నేను, నాతోపాటు మరో నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో దేవరాపల్లి వైపు నుంచి వచ్చే ఓ అమ్మాయి కాజాలు కుట్టేది. చేత్తో కుట్టిన కాజా అంత ఒత్తుగా, అంత సమంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. భర్త లారీ మీద నెలకి ఇరవై రోజులు తిరుగుతాడు, ఇద్దరు ఆడపిల్లలు. నన్ను అక్క వరస కలిపి అప్పా అని పిలిచేది. పొద్దున్నే తన డబ్బాలోంచి నాకు ఒక ముద్ద పెట్టకుండా పని మొదలుపెట్టేది కాదు.

డిజైనరమ్మాయి మాస్టర్ గారికి మొదటిరోజు ఓ కాగితం పరిచి చూపించింది. బట్ట మీద చొక్కా ముక్కలన్నీ ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో పిసరు కూడా మిగలకుండా గీసి ఉన్నాయి. "దీన్ని జీరో వేస్ట్ కటింగ్ అంటారు మాస్టర్ గారూ," అంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మా అబ్బాజాన్ షేర్వాణీ కోస్తే మిగిలిన పేలికల్తో పెళ్ళికొడుక్కి టోపీ, వాళ్ళ తమ్ముడికి రుమాలు వచ్చేవి. మిగిల్చేవాడిని దర్జీ అనేవారు కాదమ్మా ఆ రోజుల్లో. దీనికి ఇంగ్లీషు పేరు కూడా ఉందా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే సంతోషించాడు.

ఆ వారంలోనే నేను ఆమె దగ్గరికి వెళ్ళి, "మేడం, బాత్రూముకెల్లి రానా?" అని అడిగాను.

ఆమె తలెత్తి చూసింది. "నన్నెందుకడుగుతున్నారక్కా?"

"అలవాటండి."

రెండోరోజూ అడిగాను. మూడోరోజూ అడిగాను. నాలుగోరోజు ఆమె నన్ను కూర్చోబెట్టి, "మీరు ఇంకోసారి అడిగితే నేను ఏడుస్తాను," అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళల్లో నీళ్ళు కనపడ్డాయి. ఆ రోజు నుంచి ప్రతి మిషను పక్కనా ఓ నీళ్ళ సీసా వెలిసింది. నేను అడగడం మానేశాను. కానీ లేచిన ప్రతిసారీ గోడ వైపు చూసేదాన్ని, అక్కడ బోర్డు లేకపోయినా.

నలుపు సంగతి అక్కడే తెలిసింది. నల్లబెల్లం, తుప్పుపట్టిన ఇనుము, నీళ్ళు కలిపి కుండల్లో పెట్టి ఇరవై రోజులు పులియనివ్వాలి. ఆ నీళ్ళు నురగలు కక్కి, నురగ తగ్గి, తేరుకున్నాక వడకట్టాలి. బట్టని ముందు కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేస్తే లేత పసుపులోకి వస్తుంది. ఆ పసుపు బట్టని ఇనుప నీళ్ళలో ముంచగానే, చూస్తుండగానే, నల్లబడిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు దేవరాపల్లి అమ్మాయి "ఓలమ్మ!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో అందరం కుండ చుట్టూ చేరేవాళ్ళం.

పాత ఇనుము ఆటో షెడ్ల దగ్గర దొరికేది. బెల్లం కింద గోడౌను సావుకారు దగ్గరే. రంగు రాని నల్ల దిమ్మల్ని ఎవరూ కొనరు, పచ్చగా మెరిసే బెల్లమే అందరికీ కావాలి. ఆయన తన దగ్గర మూలపడి ఉన్న నల్లదిమ్మలు మాకిచ్చేవాడు. ఇస్తూ ఇస్తూ, "ఇన్ని దిమ్మలు ఏటి సేత్తన్నారమ్మా మేడ మీద? సారా గాని కాత్తన్నారేటి? ఎవులైనా వత్తే నా పేరు సెప్పీకండి," అనేవాడు. ఓ రోజు మేడెక్కి వచ్చి కుండల్లోకి తొంగి చూసి, ఆ వాసనకి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, "సారాయే నయం," అంటూ దిగిపోయాడు.

ఇందులో కష్టం లేదని ఎవరూ అనుకోకూడదు. ఆ బెల్లం దిమ్మలు మెట్లెక్కాలి. నీళ్ళు మెట్లెక్కాలి. తడిసిన తాను ఎత్తితే చచ్చిన దూడంత బరువు. ఎండలో పరచాలి, తిప్పాలి, తీయాలి, కడగాలి, మళ్ళీ పరచాలి. రంగు నీళ్ళు కాలవలోకి వదలకూడదని ఇసుక, బొగ్గు వేసిన తొట్టెల్లో పోసి వడకట్టేవాళ్ళం. ఒకరోజు మధ్యాహ్నం మోకాళ్ళు పట్టేసి మెట్ల మీదే కూర్చుండిపోయాను. డిజైనరమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"మేడం, ఈ బట్ట వల్ల భూమికి కీడు లేదన్నారు. నా మోకాళ్ళు కూడా భూమ్మీదే ఉన్నాయి," అన్నాను. కోపంగా అనలేదు, అలసటగా అన్నాను.

ఆమె నొచ్చుకుంది. వారం తిరక్కుండా తొట్టెలన్నీ గోడౌను వెనక ఖాళీ స్థలంలోకి దింపించింది, కుళాయి కింద పెట్టించింది. చెప్తే వినే మనిషి. అందుకే తర్వాత జరిగింది చెప్పడం నాకు కష్టంగా ఉంది.

రెండో ఏడు ఓ పెద్ద నగరంలోని దుకాణం వాళ్ళకి మా నల్ల చొక్కాలు నచ్చాయి. అంతకుముందు మేం నెలంతా కుట్టేదానికి పదింతలు కావాలన్నారు. దసరా వెళ్ళాక పండగల అమ్మకాలకి అందాలన్నారు. డిజైనరమ్మాయి వర్క్‌షాపులో ఆ కబురు రెండుసార్లు చెప్పింది. కొత్తగా కుండలు తెచ్చాం. దేవరాపల్లి అమ్మాయి, "ఇంక మనం పెర్మినెంటే అప్పా. పెద్దదాన్ని ఇంగ్లీసు బడికి మారుస్తాను," అంది.

ఓ ఫొటోగ్రాఫరు వచ్చాడు. మా మొహాలు వద్దన్నాడు. నా చేతులు కావాలన్నాడు. గోళ్ళ చుట్టూ ఎక్కిన నలుపు కడగొద్దన్నాడు. అరగంట సేపు సూది పట్టుకుని కుట్టకుండా కూర్చున్నాను. ఆ ఫొటోతో ట్యాగులు అచ్చయి వచ్చాయి. మందపాటి కాగితం మీద ఒక వైపు నా చేతులు, రెండో వైపు అక్షరాలు. మాస్టర్ గారి కోసం ఆమె తెలుగులో చదివి చెప్పింది: "ఈ నలుపులో ఉన్నవి బెల్లం, ఇనుము, కరక్కాయ, ఎండ. ఇంకేమీ లేవు."

ఎండ లేకుండా పోయింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని ఒకటి వచ్చింది, అది వెళ్ళకముందే ఇంకొకటి. పదకొండు రోజులు ఆకాశం కనపడలేదు. ఆరేసిన బట్ట ఆరలేదు. గోడౌనులో తాళ్ళు కట్టి ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాం. మడతల దగ్గర నల్లగా, మధ్యలో బూడిదరంగుగా, అంచుల్లో తుప్పు మరకలుగా తేలింది. మళ్ళీ ముంచాం. బట్ట పీలికలయ్యేలా ఉంది, రంగు మాత్రం కలవలేదు. కుండల్లోకి జల్లు పడి రెండు కుండలు పాడైపోయాయి. డిజైనరమ్మాయి ఆ తానుల మధ్య కింద కూర్చుని ఓ పూటంతా ఒక్కోటీ విప్పి చూస్తూ ఉండిపోయింది. మేం పాడైన కుండలు కడిగి బోర్లించాం.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడు చిన్న వ్యానుతో వచ్చింది. వ్యానులో నల్లటి తానులు. ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే నలుపు, ఎక్కడా మరక లేదు. మాస్టర్ గారు ఒక అంచు తడిచేసి వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు. రంగు అంటలేదు.

"ఇది మన నలుపు కాదు బేటీ," అన్నాడు.

"ఒక్కసారికే మాస్టర్ గారూ," అంది ఆమె. ఆయన మొహం చూడలేదు. "తర్వాతి లాటు నుంచి మళ్ళీ మనదే. ఈ ఒక్క ఆర్డరు పోతే వర్క్‌షాపే ఉండదు."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. తాను పరిచి, సుద్దతో గీసి, కత్తెర పట్టుకున్నాడు. పిసరు వృథా కాకుండానే కోశాడు. మేం కుట్టాం. నేనూ కుట్టాను. బట్ట బాగుంది, మెత్తగా మిషను కింద జారిపోతోంది. ముక్కులో ఆ పాత వాసన తగిలింది, ఫ్యాక్టరీలో తాను విప్పగానే వచ్చే వాసన. అయినా ఎనిమిది రోజులు కుట్టాను. ఆ ఎనిమిది రోజులూ నేనేదో మంచిదాన్నని ఎవరూ అనుకోవద్దు.

కుట్టడం పూర్తయ్యాక చొక్కాలు ఇస్త్రీ చేసి బల్ల మీద పేర్చారు. ట్యాగుల కట్టలు నా ముందు పెట్టారు. రెండో గుండీ దగ్గర నాలుగు కుట్లతో వేలాడదీయాలి, ఆ పని మొదటి నుంచీ నాదే. మొదటి ట్యాగు తీసుకున్నాను. నా చేతులు, నా చేతుల్లో. సూదిలో దారం ఎక్కించాను. గుచ్చలేకపోయాను. డిజైనరమ్మాయి వచ్చి, "చెయ్యి నొప్పిగా ఉందా అక్కా?" అంది.

"లేదు మేడం. ఇవి నాను కుట్టను."

చొక్కాలు సర్దుతున్నవాళ్ళు తలెత్తి చూశారు. దేవరాపల్లి అమ్మాయి లేచి నా పక్కకి వచ్చింది. "ఓలప్పా, నీకేటయింది? సిన్న అట్టముక్క. నాలుగు కుట్లు. ఎవులికి తెలుత్తాది?" అంది.

"నాకు తెలుత్తాది."

"నీకు తెలిత్తే ఏటవుద్ది?"

నేను సూదిలోంచి దారం లాగేశాను. డిజైనరమ్మాయి కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "అక్కా, నాకూ ఇష్టం లేదు. కానీ చొక్కాలో మిగతాదంతా నిజమే కదా. మీకు మంచినీళ్ళిస్తున్నాను, టైముకి ఇంటికి పంపిస్తున్నాను. ఆ ఒక్కటే కదా అబద్ధం?" అంది.

అప్పుడు ఆడిట్ సంగతి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. గది, తలుపు, ఆవిడ అడిగింది, నేను చెప్పింది, లడ్డూ తిన్నది, అన్నీ చెప్పాను. "ఆవిడ నిజం కనుక్కోడానికే వచ్చింది మేడం. నానే అబద్ధం సెప్పేను. ఆ ఏడాదంతా అక్కడ ఆడోల్లు నీల్లు తాగలేదు, నాను సెప్పిన మాటకి. ఇప్పుడు ఈ అట్టముక్క మీద మీ పేరు లేదు, నా సేతులున్నాయి. మల్లీ నాచేతే సెప్పించీకండి. కావాలంటే ఇంకెవులిచేతైనా కుట్టించండి. నాను అడ్డురాను."

ఆమె ఇంకెవరినీ అడగలేదు. లేచి మెట్లు దిగి వెనక ఖాళీ స్థలంలోకి వెళ్ళింది. కిటికీలోంచి ఆమె ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరగడం కనపడింది. చాలాసేపు తిరిగింది. పైకి వచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది.

"చెప్పేశాను," అంది. "రంగు మాది కాదని, ట్యాగు మార్చి పంపిస్తానని చెప్పాను. వాళ్ళు ఏమన్నారో తెలుసా? 'చెప్పకుండా ఉంటే మాకు తెలిసేది కాదు కదా, తెలిశాక ఎలా తీసుకుంటాం?' అన్నారు."

మాస్టర్ గారు కత్తెర తుడిచి సంచిలో పెట్టుకున్నాడు, రోజూ సాయంత్రం పెట్టుకున్నట్టే.

ఆ చొక్కాలు ఎలా పోయాయో చెప్తే నవ్వొస్తుంది. కార్తీకం వచ్చింది. అయ్యప్ప మాల వేసుకునే రోజులు. ఓ పొద్దున్న బెల్లం సావుకారు మెట్లెక్కి వచ్చి, "ఏటమ్మా, ఇన్ని నల్లచొక్కాలు ఒగ్గేసి కూకున్నారు? మా వోడు మాలేసుకుంతన్నాడు. రెండియ్యండి," అన్నాడు. ఆ రెండు ఊళ్ళో నడిచాయి. మార్కెట్లో హమాలీలు, ఆటోవాళ్ళు, రైల్వే స్టేషను దగ్గర టిఫిను బండివాళ్ళు, ఒకరిని చూసి ఒకరు వచ్చారు. మాస్టర్ గారు టేపు మెళ్ళో వేసుకుని, "స్వామీ, చేతులెత్తండి. స్వామీ, ఇటు తిరగండి," అంటూ ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి సరిచేసి ఇచ్చాడు. డిజైనరమ్మాయి ప్రతి ఒక్కరికీ, "ఇది మామూలు ఫ్యాక్టరీ రంగేనండి," అని పనిగట్టుకుని చెప్పింది. ఒక స్వామి అయోమయంగా చూసి, "రంగు దిగదు కదమ్మా?" అని అడిగాడు. దిగదంది. "మరింకేటి!" అని తీసుకుపోయాడు. చొక్కాలైతే పోయాయి. వర్క్‌షాపు మాత్రం కోలుకోలేదు. దుకాణం వాళ్ళు మరి ఫోను ఎత్తలేదు. నలుగురు ఆడవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు మానేశారు.

దేవరాపల్లి అమ్మాయి ఆఖరున మానేసింది. దూరంగా ఉన్న ఓ కుట్టు కంపెనీలో చేరింది. ఆఖరి రోజు తన సూదులు, వేలి తొడుగు డబ్బాలో సర్దుకుంటూ ఉంటే దగ్గరికెళ్ళాను. నా వైపు చూడకుండానే, "నువ్వు నిజం సెప్పుకున్నావప్పా. నీ మనసు కుదుటపడింది. నాను మల్లీ తెల్లారే బస్సెక్కాల," అంది. కోపంతో అనలేదు. ఉన్నమాట అంది. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ రోజు నాకు డబ్బా ముద్ద పెట్టలేదు.

డిజైనరమ్మాయి ఇప్పుడు వారంలో నాలుగు రోజులు విశాఖపట్నంలో ఏదో కాలేజీలో పాఠాలు చెప్తుంది, మిగతా రోజులు ఇక్కడుంటుంది. కుండలు మూడే మిగిలాయి. మాస్టర్ గారికి చూపు తగ్గింది, అయినా వస్తాడు. కుట్టినవాటి కన్నా బాగు చేయడానికి వచ్చేవే ఎక్కువ. మోచేతులు చిరిగినవి, చంకలు పోయినవి, కాలర్లు అరిగినవి పోస్టులో వస్తాయి. నేను కూర్చుని అతుకులు వేస్తాను. నేను చేసింది మంచిదేనా అని కొన్నిసార్లు ఆమెని అడగాలనిపిస్తుంది. ఆమె మొహం చూస్తే ఆమే నన్ను అదే అడిగేలా ఉంటుంది. ఇద్దరం అడగం.

పోయిన వేసవిలో చిన్న ఆర్డరు ఒకటి వచ్చింది. ఎండ పుష్కలంగా ఉంది, నలుపు బాగా పట్టింది. కాజాలకి మనిషి లేదు. నేను బస్సెక్కి దేవరాపల్లి వెళ్ళాను. అక్కడ దిగి ఆ అమ్మాయి ఊరికి ఆటోలో వెళ్ళేసరికి మధ్యాహ్నం అయింది. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉంది. చాప మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చుంది, చిక్కిపోయింది. టీ పెట్టింది. పిల్లలు ఏం చదువుతున్నారో చెప్పింది. పెద్దది ఇంకా ఊళ్ళో బళ్ళోనే ఉంది.

"వత్తావేటే మల్లీ?" అని అడిగాను.

"ఎన్నాల్లుంటాది పని?"

"తెలీదు."

"తెలీదని సెప్పడానికి ఇంత దూరమొచ్చేవేటప్పా, ఈ ఎండలో?" అంది. అని నవ్వింది. చాలా రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం కాసేపు ఊరికే నవ్వుకుంటూ కూర్చున్నాం.

నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చింది. ఆటో కోసం నిలబడ్డప్పుడు, "కంపెనీ మాననప్పా. పిల్లలున్నారు. ఆదివారాలు వచ్చి కాజాలు కుట్టి పెడతాను, సరేనా?" అంది.

సరే అనబోయాను. పని నిజంగా ఆగిపోయి ఉంది. ఆ అమ్మాయి చెంప మీద చాప ఆనవాళ్ళు ఇంకా పోలేదు.

"వద్దమ్మా. ఆదివారం తొంగో," అన్నాను.

ఆటో వచ్చింది. అనకాపల్లి బస్సులో సీటు దొరకలేదు, సగం దారి దాకా నిలబడే వచ్చాను. మర్నాడు ఆ చొక్కాలకి కాజాలు నేనే మొదలుపెట్టాను. నాకు ఆ చెయ్యి రాదు. సాయంత్రానికి ఒక చొక్కా అయింది, అందులోనూ రెండు కాజాలు విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. మాస్టర్ గారు చేతిలోకి తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, వేలితో తడిమి చూశాడు.

"ఫరవాలేదు చెల్లెమ్మా. గుండీ పడుతుంది," అన్నాడు.